జావతో మింగిన గోళీలు

2009లో, వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో, మిర్యాలగూడలో లారీ ఎక్కబోయి సగంలో ఆగిపోయాను. తొడలు లేవలేదు. లారీలెక్కి వడ్ల శాంపిల్ తీయడమే రైస్ మిల్లులో నా పని. దానితోనే ఇల్లు గడిచేది. కింద నిలబడ్డ సేటు, "ఏందే మల్లయ్యా, నిచ్చెన కిరాయికి తెప్పియ్యాల్నా?" అన్నాడు. హమాలీలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అప్పటికి ఏడాదిగా సూర్యాపేట డాక్టర్ రాసిన కొలెస్ట్రాల్ గోళీ, అటోర్వాస్టాటిన్, వాడుతున్నాను. లారీ ఎక్కలేకపోయిన రోజుకు రెండు నెలల ముందు కోదాడలో మెడికల్ షాపు నడిపే మా బామ్మర్ది ఒక డబ్బా చేతిలో పెట్టాడు. "ఉత్త విటమినే బావా. బలం వస్తది, కొవ్వు ఇంకా తొందరగా తగ్గిద్ది," అన్నాడు. మా ఇళ్లల్లో మందులు బీరువాలో ఉంటాయి. బలం గోళీలు వంటింట్లో రాగిపిండి డబ్బా పక్కన ఉంటాయి. మా ఆవిడ భాగ్యమ్మ రోజూ జావతోపాటు ఇచ్చేది.

కాళ్లు చూపిద్దామని వెళ్తే సూర్యాపేట డాక్టర్ తలెత్తకుండానే, "వేరే మందులేమన్నా వాడుతున్నవా?" అన్నారు. మందులేవీ లేవు కాబట్టి లేవన్నాను. "వయసు మీద పడితే నొప్పులుంటయ్" అని పెయిన్ కిల్లర్ రాశారు. నా కాలి మీద చెయ్యి కూడా వేయలేదు.

కొన్నాళ్లకే మూత్రం డికాక్షన్ రంగులోకి మారింది. మంచం మీంచి లేవలేకపోయాను. భాగ్యమ్మ కారు మాట్లాడి సూర్యాపేటలోనే ఇంకో దవాఖానలో చేర్పించింది. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే టెస్టు చూసి అక్కడి డాక్టర్, "కండరాలు దెబ్బతింటున్నయ్. అది కిడ్నీల మీద పడుతున్నది. ఇంట్ల ఉన్న మందులన్నీ తెప్పియ్యండి," అన్నారు. భాగ్యమ్మ బీరువాలోని కవరు తెచ్చిచ్చింది. ఆయన అందులో ఉన్న కొలెస్ట్రాల్ గోళీ, పెయిన్ కిల్లర్ రెండూ ఆపేసి సెలైన్ పెట్టించారు.

అయినా సీపీకే అనుకున్నంత దిగలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. "గిట్లనే ఉంటే డయాలసిస్‌కు హైదరాబాద్ పంపుడే," అన్నారు. భాగ్యమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆమె ఫ్లాస్కులోంచి జావ పోసి, ఎప్పటిలాగే గోళీ నా చేతిలో పెడుతుంటే డాక్టర్ రౌండ్స్‌కు వచ్చారు.

"అదేందమ్మా?"

"మందు గాదు సారూ. బలం గోళీ. నీరసంగున్నడని."

ఆయన డబ్బా తిప్పి చూశారు. నియాసిన్. "బీ విటమినే. కానీ ఇంత డోసుల ఇది మందే. కొలెస్ట్రాల్ గోళీతోటి కలిస్తే కొందరికి కండరాలు పాడైతయ్. ఇన్ని రోజులు చెప్పలేదేందమ్మా?"

"మీరు మందులే అడిగితిరి గద సారూ!"

డబ్బా ఆయనే తీసుకెళ్లారు. ఆ తర్వాత మూత్రం తేటపడింది. క్రియాటినిన్ దిగింది. డయాలసిస్ తప్పింది. చూడటానికి వచ్చిన బామ్మర్ది, "విటమిన్‌తో ఎవరికన్నా ఏమైద్ది బావా? నీ ఒళ్లే సున్నితం," అన్నాడు. ఆ రోజు నుంచి నేను అతని షాపు మెట్లెక్కలేదు.

లారీ ఎక్కడానికి మళ్లీ వడ్ల సీజన్ దాకా పట్టింది. ఆ దవాఖాన డాక్టరే ఇంకో కొలెస్ట్రాల్ గోళీని తక్కువ డోసులో మొదలుపెట్టి, అప్పుడప్పుడు సీపీకే చూస్తూ వచ్చారు. ఇప్పుడు, 2014లో, పని చేసుకుంటున్నాను.

కొలెస్ట్రాల్ గోళీ మీ అంతట మీరు ఆపకండి. కండరాలు నొప్పిపెట్టినా, మూత్రం రంగు మారినా ఆ రోజే డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు వంటింట్లో ఉన్న విటమిన్లు, పొడులు, టానిక్కులు కూడా సంచిలో వేసుకుని పోయి, అడగకముందే ఆయన టేబుల్ మీద పెట్టండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కిడ్నీలు మనవి.