ఉమ్మిన నేల మీద డిఫెన్స్

ముందే చెప్తున్నాను, ఉమ్మి అంటే నాకు రోత. రక్తం చూడగలను. పేడ ఎత్తగలను. మా క్వార్టర్స్ వెనక మోరీ పొంగితే కర్ర పట్టుకుని నేనే దిగుతాను. కానీ ఎర్రగా, చిక్కగా, మధ్యలో వక్క పలుకులతో నేల మీద పడి ఉన్న ఉమ్మిని చూస్తే మాత్రం అక్కడ నిలబడలేను. అలాంటి నన్ను ఆ దేవుడు తెచ్చి తెచ్చి గోదావరిఖనిలో పుట్టించాడు. అది చాలదన్నట్టు, నేల మీద పడితే తప్ప రాని ఆటనొకదాన్ని నాకు తగిలించాడు.

ఆ ఆట పేరు రౌండ్‌నెట్. మోకాలి కన్నా తక్కువ ఎత్తులో ఒక గుండ్రటి చట్రం, దానికి బిగించిన వల, చేతిలో పట్టేంత పసుపు బంతి, అంతే సామాను. ఇద్దరికి ఇద్దరు ఆడతారు. మేం బంతిని వల మీదికి కొడితే, అది ఎగిరాక అవతలి జంట నేలకు తగలనీయకుండా అందుకుని, మూడు దెబ్బల్లోపు మళ్ళీ వల మీదికి కొట్టాలి. ఇది మీ వైపు, ఇది మా వైపు అనేది ఉండదు. బంతి ఎటు పోతే అటు, వల చుట్టూ నలుగురూ తిరగాల్సిందే.

దాన్ని మా కాలనీకి తెచ్చింది జ్యోతినగర్‌లో ఒక బడిలో ఆటలు నేర్పే సారు. సాయంత్రం పూట స్కూటర్ వెనక చట్రం కట్టుకుని వచ్చేవాడు. మొదట్లో పదిమంది దాకా పోగయ్యారు. పెళ్లిళ్లని కొందరు, పరీక్షలని కొందరు జారుకోగా చివరికి మిగిలింది నేనూ, మా వదినా. నేనప్పుడు ఒక మందుల షాపులో పని చేస్తున్నాను. వదిన అంటే మా అన్న భార్య, మంచిర్యాల దగ్గరి జైపూర్ వైపు పల్లెటూరి పిల్ల. పెళ్లికి ముందు కబడ్డీ ఆడేది. ఆడేది అంటే, జట్టుతో ప్రతి ఊరికీ పోయేది కానీ ప్రతిసారీ బయట కూర్చునే ఎక్స్‌ట్రా ప్లేయరే.

“నీళ్ల సీసలు మోసుడే నా ఆట,” అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మా అన్నకు మణుగూరు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రావడం, రౌండ్‌నెట్ జోన్ సెలెక్షన్లు మా గ్రౌండ్‌లోనే పెడతారని సారు చెప్పడం ఒకే వారంలో జరిగాయి. గెలిచిన జంట రాష్ట్ర పోటీలకు పోతుంది. ఆ రోజు వదిన బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టింది.

“పిల్లా, గీ సారి కొట్టాలె. ఒక్కసారన్న స్టేట్‌కు పోయి లోపల నిలబడి ఆడాలె నేను. మణుగూరు పోతే గీ ఆట ఎవలికి ఎరుక? నువ్వెక్కడ దొరుకుతవ్ నాకు?”

సరే వదినా, కొడదాం అన్నాను. అనడానికి ఏం పోయింది? ఆ నేల మీద పడాల్సి వచ్చినప్పుడు కదా తెలిసేది.

సర్వ్ అందరూ నేర్చుకుంటారు, స్మాష్ అంటే అందరికీ సరదా. డిఫెన్స్ ఎవడికీ పట్టదు. మా సారుకు మాత్రం అదే పిచ్చి. అవతలి పిల్ల కొట్టడానికి చెయ్యి ఎత్తిందంటే అప్పటిదాకా ఉరుకుతున్నవాళ్లు టక్కున ఆగాలి. మోకాళ్లు వంచి, అరచేతులు పైకి పెట్టి, కిందికి కూర్చున్నట్టు ఉండాలి. ఒకరు వలకు దగ్గర, ఒకరు దూరం. దూరంగా ఉన్నవాళ్లకు గట్టి దెబ్బలు, దగ్గరున్నవాళ్లకు మెల్లగా తాకించి వదిలే బంతులు. ఆ మెల్లటి బంతి వల మీద ఇంత ఎగిరి అక్కడే చచ్చిపోతుంది. దాన్ని అందుకోవాలంటే నేల మీద పడక తప్పదు. ఇంకో సంగతి, మొహం తిప్పొద్దు. దగ్గర నుంచి కొడుతుంటే ఎవరికైనా భయమేస్తుంది, మొహం పక్కకు పోతుంది. పోయిందా, పాయింటు కూడా పోయినట్టే.

వదినకు ఇదంతా కబడ్డీ పుణ్యమా అని తొందరగా పట్టుబడింది. “కూతకొచ్చినోళ్ల కండ్లు చూస్తే మోసపోతం, నడుం చూడాలె,” అనేది. మొదట్లో ఒకటే తంటా. ఎవరన్నా పక్క నుంచి ఉరికితే చాలు, అలవాటు కొద్దీ గబుక్కున కాలు పట్టేసేది. కొట్టేవాళ్లకు అడ్డం రావడమే తప్పయిన ఆటలో కాళ్లు పట్టుకుంటే ఇంకేమన్నా ఉందా? సారు నెత్తి పట్టుకునేవాడు. మేం నవ్వలేక చచ్చేవాళ్లం.

నాకు చేతులు చురుకు. భుజం చూసి బంతి ఎటొస్తుందో చెప్పగలను. మొహం కూడా తిప్పను. కానీ పడను. పడమంటే ఎక్కడ పడాలి? మా గ్రౌండ్ ఒకసారి వచ్చి చూడండి. బొగ్గు దుమ్ము కలిసిన మట్టి, దాని మీద ఎండిన ఉమ్మి, దాని మీద తడి ఉమ్మి. ఛీ! చెప్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

దీనికంతా మూలం బాయి. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె బంద్. దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. అందుకని మా మగవాళ్లంతా నమలడం నేర్చారు. ఒకరిది గుట్కా, ఒకరిది సున్నం కలిపి అరచేతిలో నలిపిన తంబాకు. భూమి లోపల చీకట్లో, నల్లటి బొగ్గు మీద, ఎక్కడ ఉమ్మితే ఎవరికి కనబడుతుంది? ఆ అలవాటునే షిఫ్టు అయ్యాక పైకి మోసుకొస్తారు. పైన వెలుతురుందనీ, మనుషులు తిరుగుతారనీ, ఆడపిల్లలు ఆడుకుంటారనీ వాళ్ల నోళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందరిలోకీ ఘనుడు మా బాపు. ఫస్ట్ షిఫ్టు దిగి, సైకిల్ గోడకు ఆనించి, మేం ఆడే చోటికి పక్కనే ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు. ఆట చూడ్డం ఆయనకు ఇష్టమే. మంచి పాయింటు వస్తే “అద్దీ!” అనడానికి నోరు ఖాళీగా ఉండాలి కదా, అందుకని ముందు థుప్పుమని ఉమ్మేవాడు. అంటే మేం ఎంత బాగా ఆడితే నేల అంత పాడయ్యేది.

“బాపూ, మేం ఆడేకాడ ఉమ్మకు. నీకు దండం పెడ్త,” అన్నాను ఒకరోజు.

“మరి ఎక్కడ ఉమ్మాలె బిడ్డా?”

“మింగు.”

“తంబాకు రసం మింగుతరా? కడుపుల మంట లేసి సచ్చిపోత. మట్టే గదా, మట్టిల కల్స్తది తీ.”

మట్టిలో కలుస్తుందట! ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఇదే వాదన, ఇదే జవాబు. కుక్క తోక వంకర అంటే ఇదే.

సారు కూడా నన్నే అన్నాడు. “ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ. నేల బాగలేదని డిఫెన్స్ ఆపుతరా ఎవరన్న?”

నాకు ఒళ్లు మండింది. “మీరొకసారి పడి చూపియ్యుండ్రి సార్, నేర్చుకుంట,” అన్నాను. సారు నేల వంక చూశాడు. ఇస్త్రీ ప్యాంటు వంక చూసుకున్నాడు. ఇక ఆ మాట ఎత్తలేదు.

చివరికి వదినే ఒక ఒప్పందం చేసింది. నేను వలకు దగ్గర నిలబడాలి, నడుముకు పైన వచ్చేవన్నీ నావి. దూరం పోయేవీ, కింద పడేవీ అన్నీ తనవి. అంటే ఇద్దరి పని ఒక్కతే చేస్తుంది. వెనక నుంచి ఉరికొచ్చి నా కాళ్ల ముందు పడి బంతి లేపేది. మోచేతులు చెక్కుకుపోయేవి. డ్రెస్సు మీద అక్కడక్కడా ఎర్ర మరకలు. ఇంటికొచ్చాక నేను షాపు నుంచి తెచ్చిన స్పిరిటుతో రుద్దుతుంటే దూది ఎర్రగా అయ్యేది. ఆ ఎరుపులో వదిన రక్తమెంతో, కాలనీ మగవాళ్ల ఉమ్మెంతో తెలిసేది కాదు.

“నీకు రోత అనిపియ్యదా వదినా?”

“ఎందుకు అనిపియ్యది? కడుక్కుంట, పోతది. బయట కూసున్నది కడిగితే పోతదా?”

నేను దూది పారేసి చేతులు కడుక్కున్నాను.

సెలెక్షన్ల రోజు తెల్లారక ముందే ఇద్దరం చీపుర్లు పట్టుకుని గ్రౌండ్‌కు పోయాం. పైమట్టి గీకి, బ్లీచింగ్ చల్లి, నాలుగు తట్టల మంచి ఇసుక పోశాం. ఎండ ఎక్కేసరికి నేల శుభ్రంగా కనబడింది. ఇవాళ పడతాను వదినా అని నోటితోనే అన్నాను కూడా. ఇల్లలకగానే పండగా?

ముఖ్య అతిథి గారు అందరినీ ఎండలో కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి రెండు జీపుల మనుషులతో దిగాడు. కొబ్బరికాయ, శాలువాలు, ఫోటోలు. ఆ మనుషులందరి బుగ్గలూ ఉబ్బే ఉన్నాయి. ఒకడు ఫోన్లో మాట్లాడుతూ నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, మా వల పక్కన, మేం పోసిన ఇసుక మీద థుప్పుమన్నాడు.

“ఓ అన్నా! గిది ఆడే జాగ! మీ ఇంట్ల నట్టింట్ల గిట్లనే ఉమ్ముతవా?” అని అరిచాను.

“గింతదానికి లొల్లేందమ్మా, మట్టే గదా,” అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ పళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. సిగ్గూ శరం లేని జాతి! కాలితో ఇసుక ఎగదోసి కప్పాను. ఒకటి కప్పేలోపు ఇంకెవడో ఇంకోచోట కానిచ్చాడు. సారు శాలువాలు అందిస్తూ చూడనట్టే ఉన్నాడు.

ఆఖరి ఆట మంచిర్యాల నుంచి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలతో పడింది. అది గెలిచిన జంటే రాష్ట్రానికి. మొదట మేమే ముందున్నాం. ఇంతలో ఫస్ట్ షిఫ్టు అయిపోయి, కళ్ల అంచులకు బొగ్గు కాటుకతో, టిఫిన్ డబ్బాతో బాపు వచ్చి తన బెంచీ మీద కూర్చున్నాడు. చెంప నిండుగా ఉంది.

వాళ్లిద్దరిలో పొట్టి పిల్ల బుర్ర గలది. నేను కింద పడనని కనిపెట్టింది. గట్టిగా కొట్టడం మానేసి, ప్రతి బంతినీ నా ముందు మెల్లగా వదలడం మొదలుపెట్టింది. వదిన వెనక నుంచి ఉరికి పడుతుంది, లేస్తుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. నాలుగు అందుకుంటే రెండు జారిపోయాయి. ముందున్నవాళ్లం సమానమయ్యాం. వదిన ఊపిరి నాకు వినబడుతోంది. తిట్టినా బాగుండేది. నాకు అందరి మీదా అసహ్యం వేసింది, ఆ ఉమ్మిన వాళ్ల మీద, నవ్విన వాడి మీద, గీత గీసినట్టు ఒకేచోట నిలబడ్డ నా కాళ్ల మీద.

ఎలాగో కిందా మీదా పడి ఇంకొక్క పాయింటు వస్తే గెలుస్తాం అన్నంత దాకా వచ్చాం. ముందు పాయింటుకు బాపు “అద్దీ!” అన్నాడు. అనే ముందు ఏం చేశాడో చూడక్కర్లేదు, చప్పుడు వినబడింది.

వదిన సర్వ్ చేసింది. వాళ్లు అందుకుని లేపారు. పొట్టి పిల్ల భుజం బాగా వెనక్కి లాగింది. గట్టి దెబ్బే అనుకుని వదిన దూరం పోయింది. నేను మోకాళ్లు వంచి ఆగాను. ఆఖరి క్షణంలో ఆ పిల్ల మణికట్టు వదులైంది. మెల్లటి బంతి. నా ఎడమ పక్క, బెంచీ వైపు. వదిన దూరంలో ఉంది. ఎంత ఉరికినా అందదు. బంతి పడబోయే చోట ఇసుక మీద ఇంకా ఇంకని ఉమ్మి తళతళా మెరుస్తోంది.

పడ్డాను. మొహం తిప్పకుండా, ఒళ్లంతా నేలకేసి కొట్టుకుని పడ్డాను. అరచేతి మీదికి బంతి వచ్చింది, పైకి లేచింది. నా చెంప ఆ తడిలో ఆనింది. వదిన ఎటు నుంచి వచ్చిందో, ఎలా కొట్టిందో నేను చూడలేదు. అరుపు మాత్రం విన్నాను. ఆ పిల్లలిద్దరూ బంతిని అందుకోలేకపోయారు.

వదిన నా మీద పడి ఏడుస్తోంది, నవ్వుతోంది. “లోపల ఆడ్త పిల్లా! లోపల ఆడ్త!” అదే మాట. నాకేమో చెంప మీద నుంచి మెడ మీదికి గోరువెచ్చగా కారుతోంది. తంబాకూ సున్నమూ కలిసిన వాసన. మా ఇంట్లో దిండ్లకు ఉండేది అదే వాసన. ఇంకొకరిదేమో అనుకోవడానికి కూడా లేదు.

లేచి, తుడుచుకోకుండానే, సరాసరి బెంచీ దగ్గరికి పోయాను. చూడనీ, కళ్లారా చూడనీ అనుకున్నాను. బాపు లేచి నిలబడ్డాడు. నోరు మళ్ళీ నిండింది, మాట్లాడలేడు. అలవాటుగా పక్కకు వంగాడు. వంగి, నా చెంప చూసి ఆగాడు. ఎడమ వైపు చూశాడు. కుడి వైపు చూశాడు. గొంతు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది.

“మింగినవా?” అన్నాను.

తలూపాడు. కళ్లలో నీళ్లు కమ్మాయి, ఒకటే దగ్గు. నోరు తుడుచుకునే తువ్వాలతోనే నా చెంప తుడవబోయాడు. ఆ తువ్వాల ఇంకా రోత.

“ఛీ! ఉమ్మెయ్యకపోతివా మరి! సచ్చిపోత అంటివి గదా!”

“ఎక్కడ ఉమ్మాలె బిడ్డా,” అన్నాడు దగ్గు మధ్యలో, “నువ్వు ఎక్కడ పడ్తవో నాకేం ఎరుక?”