మామ భూమికి సున్నా

మార్కాపురంలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ నేను చూసుకుంటాను. మౌసుతో బొమ్మ గీసి సర్క్యూట్ తయారుచేయడం మా పెద్దసారుకు గిట్టదు. అందుకే ల్యాబ్‌లో ఓ మూల పాత కంప్యూటర్, దాంట్లో తొలినాళ్ల ప్రోగ్రాం ఒకటి ఇంకా బతికున్నాయి. ఆ ప్రోగ్రాంకు బొమ్మలు తెలియవు. చోట్లకు నంబర్లిచ్చి, ఏ భాగం ఏ రెండు చోట్ల మధ్య ఉందో వరుసలుగా టైపు చేస్తే, కరెంటు ఎలా పారుతుందో లెక్కగట్టి గ్రాఫు గీస్తుంది.

ఒకరోజు వెలిగండ్ల నుంచి మా మేనమామ వచ్చాడు.

“అడివిపందులు కందిచేను కుళ్లబొడుస్తాండాయి అల్లుడా. టపాకాయలకు గూడా బెదరడంల్యా. అరిచే మిషనేదన్నా చెయ్యి.”

సైరన్ సర్క్యూట్ ఒకటి టైపు చేశాను. ప్రోగ్రాం నడవకుండా ఆగిపోయింది. తెలుగు మీడియం పిల్లలకు చెప్పీ చెప్పీ గ్రౌండును భూమి అనడం నాకు అలవాటు.

“భూమి లేదంటాందే!” అన్నాను.

మామ దిగ్గున లేచాడు. ఆ మధ్యే ఆన్‌లైన్ రికార్డుల్లో ఆయన పొలం వేరేవాళ్ల పేరు మీదికి పోయి, తిరిగి రావడానికి ఏడాది పట్టింది.

“మళ్లా పోయిందా! ఎవురు తీసినారు?”

“నీ భూమి కాదు మామా. కరెంటు తిరిగొచ్చి చేరే చోటును భూమి అంటాం. దానికి సున్నా నంబరు ఇయ్యాల. మరిచిపోయినా.”

“భూమికి సున్నా రాస్తావా?” నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఉండేది నాలుగెకరాలు. నాలుగని రాయి.”

రాశాను. ప్రోగ్రాం ఒప్పుకోలేదు.

గొడవ విని పెద్దసారు వచ్చాడు. ఆయన నవ్వడం మేమెవరమూ చూడలేదు. అంతా విని, “సున్నా పెట్టక తప్పదండీ,” అన్నాడు. “అయితే వరుస మొదట్లో నక్షత్రం గుర్తు పెట్టి ఏం రాసినా ప్రోగ్రాం చదవదు, మనుషులే చదువుతారు. మీ అభ్యంతరం అక్కడ రాయించండి.”

మామ నిలబడి చెప్పాడు: “ఈ సున్నాకూ నాకూ సమ్మంధం ల్యా. నా నాలుగెకరాలు నాయే.” ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. సాక్షిగా పెద్దసారు తన పేరు కూడా చేర్పించాడు. భూమికి సున్నా పెట్టి నడిపితే ఈసారి తెర మీద అలలు లేచాయి.

“అరిచిందా?”

“అరిచింది మామా, లెక్కలో.”

“పందులు లెక్కలో ల్యావు గదా. చేన్లో అరిపించు.”

సైరన్ తయారుచేసి చేలో కట్టి వచ్చాను. కొన్నాళ్లకు మామ ఫోన్ చేశాడు.

“పందులు పోయినాయి అల్లుడా. మన కుక్కలు గూడా పోయినాయి. పక్కచేనోళ్ల కొట్టంలో పడుకోనుండాయి, పిలిస్తే రావు.”

“అయితే ఆపెయ్యి.”

“ఆపితే పందులొస్తాయి గదా!”

బాగా ఆలోచించి, సైరన్‌ను పక్కచేనువాళ్లకే ఇచ్చేశాడు. కుక్కలు తిరిగొచ్చాయి. వాటి వెనకే పందులూ వచ్చాయి. ఆ ఏడు మేం వండుకున్న కందిపప్పు పక్కచేనువాళ్లు పంపిందే.