పురుగుల కోసం వేసిన బంతి

ఉదయం ఆరుంబావుకు తరిగొప్పులలో బస్సు దిగి చాయ తాగాను. ఆ రోజు సద్దుల బతుకమ్మ, పేర్చిన పూలను సాయంత్రం చెరువులో వదిలే రోజు. కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు. ఆ మండలంలో నేను వ్యవసాయ విస్తరణాధికారిని. అంటే, పై ఆఫీసులో రాసిన సలహాను రైతు ఇంటి దాకా మోసుకుపోయే ఆఖరి ఉద్యోగిని. పండుగ రోజైనా ప్రదర్శన మడిని ఒకసారి చూసి పోదామని వచ్చాను.

పద్ధతి పనిచేస్తుందని నలుగురికీ చూపించడానికి వేసేదే ప్రదర్శన మడి. అది మా అక్క రాజమ్మ పెరట్లో ఉంది. చుట్టాలిల్లు చూసుకున్నావని ఆఫీసులో ఎత్తిపొడిచారు. కానీ పెరట్లో మందు కొట్టొద్దని పట్టుబట్టిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. ముందటేడు పత్తికి మందు కొడుతూ బావ కళ్లు తిరిగి పడిపోయి, జనగామ దవాఖానలో ఉండి వచ్చాడు. ఇప్పుడు ఇంట్లో పాకే మనవరాలుంది. దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. "చేన్ల నీ ఇష్టం. వాకిట్లకు ఆ డబ్బా రావద్దు" అని అక్క చెప్పింది. టమాటకు పురుగు పడితే తెస్తానని బావ అన్నాడు. పడకుండా చూస్తానని నేను మాటిచ్చాను.

పద్ధతి తేలికే. టమాట వరుసల మధ్య బంతి వేయాలి. కాయతొలుచు పురుగు తల్లికి బంతి మొగ్గలంటే ఎక్కువ ఇష్టం, గుడ్లు ఎక్కువగా అక్కడే పెడుతుంది. దీన్ని ఎర పంట అంటాం. రెండూ ఒకేసారి పూతకు రావాలి కాబట్టి బంతి నారు ముందు పోయాలి. పురుగు కనిపించిన పువ్వును తుంచి పారేయాలి. మిగిలినవి చెట్టు మీదే ఉండాలి.

పెరట్లోకి పోయి చూస్తే బంతి చెట్లకు ఆకులే ఉన్నాయి.

"పూలేవక్కా?"

"బతుకమ్మకు ఇచ్చిన. వాడకట్టోళ్లు తెల్లారకముందే వచ్చిండ్రు."

"అవి పురుగులకని ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

"గంప పట్టుకొని వాకిట్ల నిలబడ్డోళ్లకు, ఇవి పురుగులకు పెట్టిన, మీకు లేవు అందునా? నువ్వే వచ్చి చెప్పకపోయినవ్."

అరుగు మీద బావ నవ్వుతున్నాడు. "ఏం బామ్మర్ది, నీ సర్కారు పురుగులు పొద్దుమీకి చెరువుల మునుగుతయ్ గద. ఇంకేం పరేషాన్?"

మునిగేవి పువ్వులో ఉన్నవే. ఆ తర్వాత గుడ్లు పెట్టేవి టమాట మీదికే వస్తాయని చెప్పాను. ఎవరూ వినలేదు. మడి దెబ్బతినడానికి కారణం ఏం రాయాలని పై అధికారికి ఫోన్ చేస్తే, పండుగ అని రాస్తే ఒప్పుకోరు, అధిక వర్షం అని రాయమన్నారు. వాన పడలేదన్నాను. అయినా రాయమన్నారు. మొక్కల మధ్య ఎంత దూరం ఉండాలో రాసిన ఆ సలహా పత్రంలో, తెలంగాణలో బంతి ఏ నెలలో ఎవరు కోస్తారన్న మాట మాత్రం లేదు.

వారం తిరిగేసరికి కాయలకు బొక్కలు పడ్డాయి. బావ మందు కొట్టే పంపు భుజానికేసుకొని వచ్చాడు. అక్క పిల్లను చంకన వేసుకొని పెరటి తలుపులో నిలబడింది.

"అది లోపలికొస్తే పిల్లను తీస్కొని తమ్మునింటికి పోత."

"పూలిచ్చింది నువ్వు, బెదిరిచ్చుడు నన్నా?"

"ఇచ్చింది నేనే. ఏరేది గూడ నేనే."

ఏరింది. రోజూ పొద్దున్నే ఆకు ఆకూ తిరగేసి పురుగులను సబ్బునీళ్ల డబ్బాలో వేసింది. నేను వేపగింజల కషాయం చేసిచ్చాను. బావ మొదట అరుగు మీద కూర్చొని వెక్కిరించాడు, తర్వాత గొణుక్కుంటూ తానూ ఒక వరుస పట్టాడు. సగం కాయలు పారబోశాం. బంతి పక్క కొమ్మలు వేసి మళ్లీ పూసింది. ఆ తర్వాతి కాయలు చాలావరకు బాగానే వచ్చాయి. పంపు తలుపు దాటలేదు.

మరుసటేడు రెండు వరుసలు వేయించాను. వాకిలి దగ్గరిది వాడకట్టుకు, లోపలిది పురుగులకు. "గిది బతుకమ్మది, గది పురుగులది" అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పింది. లోపలి పువ్వును ఎవరూ ముట్టలేదు. ఈ మాట సలహా పత్రంలో చేర్చమని రెండుసార్లు రాశాను. చేర్చలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే: ఒక మొక్కను ఎరగా పెట్టే ముందు, ఆ పువ్వు మీద ఊళ్లో ఎవరికి హక్కుందో అడగాలి. పురుగు సంగతి ఆ తర్వాత.

అక్క పోయి రెండేళ్లయింది. వాకిలి దగ్గర బావ ఇప్పటికీ బంతి వేస్తున్నాడు, పండుగకు ఆడవాళ్లు వచ్చి కోసుకుంటున్నారు. టమాట వేయడం మానేశాడు, ఇంట్లోకి అంగట్లో కొంటున్నాడు. లోపలి వరుస వేయడం లేదు.