వీపు లేని డబ్బా

ప్లాస్టరు చుట్టను చింపినప్పుడు పర్రుమని వచ్చే చప్పుడు, ఆ వెంటనే ముక్కుకు తగిలే జింకు వాసన ఈ పొద్దున నా పార్లర్లో మళ్లీ వచ్చాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. హైదరాబాదు నుంచి ఒక ఏజెంటు కొత్త క్రీము తెచ్చాడు. డబ్బా మీద బంగారు రంగు అక్షరాలు, వాటి కింద ఒక కుంకుమ పువ్వు. అతను దాని గొప్పలు చెబుతుండగానే నేను సొరుగులోంచి ప్లాస్టరు తీసి పేరు మీదా పువ్వు మీదా అడ్డంగా అంటించాను. "గదేంది మేడం, పేరెందుకు మూస్తున్నరు?" అని అతను బిత్తరపోయాడు. నాకు రత్నమ్మ మేడం గుర్తొచ్చింది. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆమె నాకు ఇచ్చిపోయింది అదే.

దేవరకొండలో నా పార్లర్ పక్క మడిగెలోనే ఆమె మందుల షాపు. సర్కారు దవాఖానలో మందులిచ్చి ఇచ్చి రిటైరైన మనిషి. పొట్టిగా, నల్లగా ఉండేది. విరిగిన కళ్లద్దాల కాడకు కట్టుగుడ్డ చుట్టుకుని, దాన్నే ఏళ్ల తరబడి పెట్టుకునేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అదే తెల్లచీరతో షాపు తెరిచేది. జ్వరానికో దగ్గుకో వచ్చినవాళ్లతో మామూలుగానే మాట్లాడేది కానీ, ఏ ఆడపిల్లయినా తెల్లగయ్యే క్రీము అడిగిందా, ఆమె ముఖం మారిపోయేది. కాగితం, కలం తీసి, "ఎవలన్నరు నిన్ను నల్లగున్నవని? పేరు చెప్పు, రాసుకుంట" అనేది. ఆ పిల్ల అక్కడి నుంచి జారుకునేది. పక్క మడిగెలో నేను కిసుక్కున నవ్వుకునేదాన్ని, ఎందుకంటే ఆమె తిట్టి పంపిన పిల్లలు నేరుగా నా దగ్గరికే వచ్చేవాళ్లు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు నేను ఆ పార్లర్ పెట్టాను. కూలి చేసి పెంచిన మా అమ్మ కళ్ల ముందు నా పేరుతో ఒక బోర్డు వెలిగిందంటే నేను ఎంత ఎగిరి ఉంటానో మీరే ఊహించుకోండి. నా చెల్లె స్వప్న అప్పుడు నల్గొండలో ఒక బట్టల షోరూంలో పనిచేసేది, రోజూ బస్సులో పోయి వచ్చేది. చీర విప్పి భుజం మీద వేసి చూపించడంలో దాన్ని మించినవాళ్లు లేరు. అయినా అక్కడి మేనేజరు దాన్ని వెనక గదిలో చీరలు మడతపెట్టే పనికి పంపాడు. ముందు కౌంటర్లో కొంచెం రంగున్న పిల్లలుంటే గిరాకీ బాగుంటుందట. ఆ మాట మోసుకొచ్చి నా చెల్లె నా అద్దం ముందు కూర్చుని ఏడ్చింది. నేను అప్పుడు చేయాల్సింది ఆ మేనేజరును కడిగేయడం. అది మానేసి నా చెల్లె ముఖానికి క్రీము రాశాను.

ఆ క్రీము నాకొక ఏజెంటు ఇచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద ఏమీ లేదు. ఫార్ములా క్రీము, పార్లర్లకే ఇస్తాం, బయట దొరకదు అన్నాడు. బయట దొరకనిదంటే గొప్పదనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మూడు వారాల్లో స్వప్న ముఖం నున్నగా, తెల్లగా తేలింది. ముందు కౌంటర్ కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం ముగ్గురు కస్టమర్లు కూర్చుని ఉండగా రత్నమ్మ మేడం లోపలికొచ్చి, ఆ రోజు సెలవు పెట్టిన స్వప్న గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. ఏం రాస్తున్నావని అడిగింది. డబ్బా ఇచ్చాను. ఆమె దాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీనికి ఈపు ఏది?"

"ఈపేంది మేడం?"

"మందుకైనా మలాముకైనా ఎన్క రాత ఉంటది. అండ్ల ఏమేం కలిపిండ్రు, ఎక్కడ చేసిండ్రు, ఎన్నాళ్లు పనికొస్తది. గదే దాని ఈపు. ఈపు లేని మనిషిని చూసినవా నువ్వు? గింత జల్ది తెల్లగయ్యిందంటే గిండ్ల స్టెరాయిడ్ కలిపిండ్రు పిల్లా. ఇయ్యాల్నే డాక్టరుకు సూపియ్యి."

నా కస్టమర్ల ముందు నా పరువు తీస్తోందని నాకు ఒళ్లు మండింది. "మీ షాపుల క్రీములు అమ్ముడుపోతలేవని కడుపుమంటనా మేడం?" అన్నాను. కస్టమర్లు నవ్వారు. ఆమె డబ్బాను అద్దం ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా నేను నా చెల్లెకు ఆ క్రీము ఇంకో మూడు నెలలు రాశాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

డబ్బా అయిపోయింది. ఏజెంటు ఫోను ఎత్తలేదు. పది రోజుల్లో స్వప్న ముఖం కాలినట్టు ఎర్రబడింది, చెంపల మీద మొటిమలు, వాటి మధ్య సన్నటి నూగు. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది, ఎండలోకి అడుగు పెట్టలేకపోయేది. ముఖం మానినంక రమ్మని షోరూం వాళ్లు ఇంటికి పంపేశారు. నేను ఏడుస్తూ పక్క మడిగెకు పోయాను. నేనన్న మాట ఆమె ఎత్తుతుందేమోనని భయపడ్డాను, ఎత్తలేదు. ఓదార్చనూ లేదు. "ఏడ్సుడు తర్వాత. రేపు మొదటి బస్సుకు నల్గొండ దవాఖాన. నేనూ వస్త" అంది.

చర్మం డాక్టరు చూడగానే చెప్పాడు. అది స్టెరాయిడ్ పనే, తోలు పల్చబడింది, ఆపగానే ఇట్లా తిరగబడుతుంది, మానడానికి నెలలు పడుతుంది, మొత్తం మానుతుందని మాట ఇవ్వలేను అన్నాడు. తిరుగు దారిలో రత్నమ్మ మేడం మమ్మల్ని బస్టాండుకు కాకుండా ఆ షోరూంకు నడిపించింది. స్వప్న ముఖానికి చున్నీ చుట్టుకుని గుమ్మం బయట నిలబడింది. మేడం నేరుగా మేనేజరు ముందుకు పోయి చీరలు చూపించమంది. అతను కౌంటర్ పిల్లను పిలిచాడు.

"ఈ పిల్ల వద్దు. ఎనక మడతపెట్టే పిల్లలున్నరు గద, వాళ్లను పిలువు. చీర వాళ్లే చూపాలె."

"వాళ్లు గిరాకీ ముంగటికి రారమ్మా."

"ఎందుకు రారు? కాళ్లు లేవా? నేను గిరాకీనే గద, నేను గూడ నల్లగనే ఉన్న గద. మరి నన్నెట్ల రానిచ్చినవ్?"

మేనేజరు చేసేది లేక లోపలికి కేకేశాడు. వెనక గదిలోంచి ఇద్దరు పిల్లలు భయపడుతూ వచ్చారు. ఆమె వాళ్లతో చీరల గుట్టంతా విప్పించి, ఒక్కొక్క దాని గురించి తీరుబడిగా మాట్లాడి, ఒక తువ్వాలు కొనుక్కుని బయటికొచ్చింది. స్వప్న చున్నీ వెనక నవ్వుతోంది. నవ్వితే చెంపలు మండుతున్నాయని మళ్లీ ఏడ్చింది.

ఆ నెలల్లోనే, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు, తన షాపు ముందు బల్ల మీద ఆమె నాకు చదువు చెప్పింది. క్రీముల మీది పేర్లకు ప్లాస్టరు అంటించి వరసగా పెట్టేది. "ముఖం మూసి ఈపు చదువు" అనేది. రాతలో ముందు ఏ పేరుంటే అదే ఎక్కువ, వెనక్కి పోయినకొద్దీ తక్కువ. గ్లిజరిన్ నీళ్లను గుంజి తోలులో పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ ఆ నీళ్లు పోకుండా మూత వేస్తుంది. నియాసినమైడ్ మచ్చల మీద పనిచేస్తుంది కానీ మెల్లగా, నెలల మీద. రాయగానే తెల్లగా కనిపిస్తే అది టైటానియం, గోడకు సున్నం వేసినట్టు, కడిగితే పోతుంది. జింకు ఎండను ఆపుతుంది. "నీ చేతిల ఉన్న ప్లాస్టర్ల గూడ గదే జింకు ఉన్నది, వాసన చూడు" అంది. చూశాను.

ఒకనాడు రెండు ట్యూబులు ఇచ్చి, ఏది మంచిదో చెప్పమంది. చదివాను. ముందు నీళ్లు, తర్వాత గ్లిజరిన్, ఆ తర్వాత మైనం, రెండింటిలోనూ అవే, అదే వరసలో. "కలబంద ఏడుంది చూడు" అంది. వెతికితే ఒకదానిలో చిట్టచివర దొరికింది, సెంటు కన్నా వెనక. ప్లాస్టరు పీకి చూస్తే, ఒకటి పచారీ కొట్లో దొరికే చవక ట్యూబు. రెండోది ఒళ్లంతా కలబంద బొమ్మ ఉన్న ఖరీదైనది, నేను నా కస్టమర్లకు ఒట్టేసి మరీ అమ్మినది. నాకు పిచ్చి కోపం వచ్చింది. కంపెనీ పేరేమో నడుస్తున్న బస్సులోంచి చదవొచ్చు, లోపలేముందో చదవాలంటే భూతద్దం కావాలి, అదీ ఇంగ్లీషులో. మా అమ్మ లాంటివాళ్లు చదవకూడదనే అట్లా రాశారు. బ్యూటీషియన్ కోర్సులో నాకు కనుబొమలు తీయడం నేర్పారు, నవ్వుతూ మాట్లాడడం నేర్పారు, డబ్బా వెనక్కి తిప్పమని ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపంలోనే ఆమెనూ అడిగేశాను. "మీకు గంత తెలిసినప్పుడు గా దినం నన్ను రెండు పీకైనా ఎందుకు ఆపలేదు మేడం?"

ఆమె ట్యూబు మూత బిగించి బల్ల మీద పెట్టింది. "పీకాల్సింది. నలుగురిల గట్లంటివని మొహమాటపడ్డ. గా మొహమాటం ఖరీదు నీ చెల్లె కట్టింది. నువ్వు పడకు" అంది.

తర్వాత కరోనా వచ్చింది. లోకమంతా మాస్కు పెట్టుకుని బాధపడిన ఆ రోజుల్లో నా చెల్లె ఒక్కతే ఊపిరి పీల్చుకుంది, ముఖం ఎందుకు దాచుకున్నావని అడిగేవాళ్లు లేరు గనక. దాని చెంపలు ఇవాళ్టికీ ఎండకు ఎర్రబడతాయి. ఇప్పుడది రత్నమ్మ మేడం చదివించిన చదువుతో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు.

రత్నమ్మ మేడం పోయిన ఏడు గుండె ఆగి పోయింది. మూడో రోజుకు బజారులో ఆమె పేరున శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నేనూ స్వప్నా పోయి చూశాం. ఫ్లెక్సీలో ఎవరో తెల్లటి మనిషి ఉంది. కళ్లద్దాలు ఆమెవే, చీర ఆమెదే, ముఖం మాత్రం పాలలో ముంచి తీసినట్టుంది. ఫ్లెక్సీ చేసినతన్ని పట్టుకుని అడిగాను. "అందరికీ గట్లనే చేస్తం అక్కా, కంప్యూటర్ల ఒక్క బటన్ గంతే, చూసేతందుకు మంచిగుంటది" అన్నాడు. అతను కూడా ఆమె షాపులో మందులు కొన్నవాడే. ఆమె బతుకంతా దేని మీద కొట్లాడిందో దాన్నే ఆమె ముఖానికి పూసి నడిబజారులో వేలాడదీశారు. మేడం దగ్గర చదువుకున్నప్పటి నుంచి నా బ్యాగులో ఎప్పుడూ ఒక ప్లాస్టరు చుట్ట ఉంటుంది. "అక్కా, ప్లాస్టరు ఇయ్యి" అంది స్వప్న. ఎవరిదో స్టూలు లాక్కుని ఎక్కి, చుట్ట మొత్తం అయ్యేదాకా చింపి, ఆ తెల్లటి ముఖాన్ని మూసేసింది. పేరు మాత్రం వదిలేసింది. కింద నలుగురు గుమిగూడి, చచ్చిన మనిషికి అవమానం అన్నారు. అవమానం ఎవరు చేశారో నేను అరిచి మరీ చెప్పాను, బజారంతా వినేటట్టు.

ఈ పొద్దున వచ్చిన ఏజెంటుకు ఇవన్నీ తెలియవు. పేరు మూసిన డబ్బా నేను వెనక్కి తిప్పి చదువుతుంటే, నాకది నచ్చలేదనుకుని, బ్యాగులో అడుగు నుంచి ఇంకొకటి తీశాడు. "గిది స్పెషల్ మేడం. తెలిసినోళ్లకే ఇస్తం. మీ ఊరి పిల్లలు జర నల్లగుంటరు గద, మూడు వారాల్ల తేడా చూడుండ్రి" అన్నాడు. తెల్లటి డబ్బా. చేతిలోకి తీసుకుని తిప్పాను, మళ్లీ తిప్పాను. వెనక ఒక్క అక్షరం లేదు. కుర్చీల్లో ముగ్గురు కస్టమర్లు కూర్చుని మా వైపే చూస్తున్నారు. నేను కాగితం, కలం తీశాను.

"ఎవలన్నరు మా పిల్లలు నల్లగుంటరని? పేరు చెప్పు" అన్నాను.