స్వరూపకు అందని కబురు

ఈ సంగతి నాలో ఎంతకాలంగా ఉందంటే, ఇది లేనప్పుడు నేనెలా ఉండేదాన్నో నాకే గుర్తు లేదు. పెళ్లినాడు ఉంది. బిడ్డ పుట్టిననాడు ఉంది. ఆఫీసులో ఎవరైనా "మీకొక మాట చెబితే ఇక నిశ్చింతండీ" అన్నప్పుడల్లా లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

వింటే చిన్న విషయమే అనిపించవచ్చు. వాలీబాల్ జట్టులో ఒక చోటు. అంతే కదా అని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అంతే అయితే ఇన్నేళ్లూ ఎందుకు దాచుకున్నాను?

తొంభైల చివరి మాట. మాదాపూర్ వైపు రాళ్లగుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు కడుతున్న రోజులు. మాది ఆ దారిలోనే ఉన్న ఒక డిగ్రీ కాలేజీ. నాన్నగారి ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చి లింగంపల్లిలో ఉండేవాళ్లం. కాలేజీలో ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు నేను కెప్టెన్‌ని. సెట్టర్‌ని కూడా. ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెబుతాను. అవతలి వైపు నుంచి వచ్చిన బంతిని ఒకరు ఆపుతారు, ఇంకొకరు కొడతారు. మధ్యలో దాన్ని అందుకుని, ఎవరు కొట్టాలో చూసి, సరిగ్గా వాళ్ల చేతికి అందేలా లేపేది సెట్టర్. మా జట్టులో ఆ చోటు ఒక్కరిదే. అది నాది.

ఆ ఏడాది స్వరూప వచ్చింది. నార్సింగి పిల్ల. అంతకుముందు వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివేది. వాళ్లమ్మ నడుము దెబ్బతిని మంచాన పడితే, చూసుకునేవాళ్లు లేక ఇంటికి వచ్చేసి, మా కాలేజీలో రెండో సంవత్సరంలో చేరింది. మొదటి రోజు గ్రౌండ్‌కి వచ్చి గోడవారన నిలబడింది. మాకు ఆటలు నేర్పే పి.డి. సార్ పిలిచి బంతి చేతికిచ్చారు. ఆమె మొదటి బంతి లేపగానే నేను ఆడటం ఆపి చూశాను. చప్పుడే లేదు. బంతి ఆమె వేళ్లలోంచి ఊపిరిలా లేచింది.

ఆమెను ద్వేషించి ఉంటే చెప్పుకోవడం సులువయ్యేది. ద్వేషించలేదు. నాకు ఆమె అంటే ఇష్టం. నన్ను "అక్కా" అని పిలిచేది. నా చూపుడువేలు బెణికితే తన వోణీ అంచు చింపి కట్టింది. వెనక్కి తిరగకుండానే వీపు వెనకున్న మనిషికి బంతి లేపడం నాకు ఎప్పటికీ వచ్చేది కాదు; మణికట్టు ఎలా వంచాలో నా చెయ్యి పట్టుకుని ఓపిగ్గా నేర్పించింది. నా చోటుకు పోటీకి వచ్చిన పిల్ల నాకు ఆట నేర్పడమేమిటి? ఆమెకు ఆ ఆలోచనే ఉన్నట్టు లేదు. నాకు మాత్రం ఇంకో ఆలోచన ఉండేది కాదు.

ఒక అడ్డంకి ఉంది. యూనివర్సిటీ పోటీల్లో, మధ్యలో కాలేజీ మారినవాళ్లు కొత్త కాలేజీ తరఫున ఒక ఏడాది ఆడకూడదు. పాత కాలేజీ ఒప్పుకుంటేనే మినహాయింపు. అది విన్నప్పుడు బయటికి "అయ్యో" అన్నాను. లోపల ఊపిరి పీల్చుకున్నాను. సార్ మాత్రం వదల్లేదు. వికారాబాద్‌లోని ఆ కాలేజీ చుట్టూ తిరిగారు, యూనివర్సిటీలో వాళ్లనీ వీళ్లనీ కలిశారు. పోటీలకు ముందు శనివారం నన్ను పిలిచారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"స్వరూప ఇయ్యాల రాలేదు గదమ్మా. జర వాళ్లింటికి పోయి చెప్పు. పాత కాలేజోళ్లు ఒప్పుకున్నరు. సోమవారం సీదా యూనివర్సిటీ గ్రౌండ్‌కే రమ్మను. సెట్టర్‌గ ఆమెనే దింపుదాం. నువ్వు కెప్టెన్‌వు, పక్కనుండి ధైర్యం చెప్పాలె."

సరే సార్ అన్నాను. నిజంగా చెబుదామనే బస్సెక్కాను. ఈ మాట మీరు నమ్మాలని లేదు. నేను కూడా ఒక్కో రోజు నమ్మను.

నార్సింగిలో వాళ్లది పెంకుటిల్లు. స్వరూప వాకిట్లో కూర్చుని వాళ్లమ్మ బట్టలు ఉతుకుతోంది. నన్ను చూడగానే తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"అక్కా! సారు ఏమన్నడక్కా?"

ఆ మొహం చూశాను. చెబితే ఎలా వెలుగుతుందో ముందే కనిపించింది. సోమవారం నేను కోర్టు గీత బయట కూర్చుని చూస్తున్నట్టు కూడా కనిపించింది.

"కుదరలేదు స్వరూపా. మీ పాత కాలేజీ వాళ్లు ఒప్పుకోలేదట."

చేతులు లంగాకు తుడుచుకుంది.

"ఇగ ఏం జేస్తం," అంది. "సారు నా కోసం బాగ తిరిగిండు గదా?"

"చాలా తిరిగారు. బాధపడుతున్నారు కూడా. ఆయన దగ్గర ఈ మాట ఎత్తకు, ఇంకా బాధపడతారు."

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ముందుగా అనుకున్నది కాదు. అబద్ధానికి కాపలా కూడా అప్పటికప్పుడే పెట్టేశాను. అదీ ఆమె మంచితనాన్నే కాపలా పెట్టాను.

"ఎత్తనక్కా. నువ్వు గూడ పరేషాన్ గాకు. నువ్వాడితే నేనాడినట్టే."

చాయ్ తాగనిదే పోనివ్వలేదు. బస్టాప్ దాకా వచ్చింది. బస్సు వచ్చేదాకా నా మణికట్టు పట్టుకుని, సోమవారం నేను చేయకూడని తప్పులు చెబుతూనే ఉంది.

సార్‌తో, వాళ్లింట్లో పంపనంటున్నారని చెప్పాను. అమ్మకు బాగోలేదు కదా అన్నాను. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ "మంచి ప్లేయరమ్మా" అని మాత్రం అన్నారు.

సోమవారం స్వరూప మ్యాచ్ చూడ్డానికి వచ్చింది. వస్తుందని నేననుకోలేదు. సార్ ఆమెను చూశారు. దగ్గరికి వచ్చారు. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, ఏం జేస్తం, పరిస్థితులు గట్లున్నయ్" అన్నారు. ఆమె తల వంచుకుని "అవును సార్" అంది. ఆయన అనుకున్న పరిస్థితి ఒకటి, ఆమె అనుకున్నది ఒకటి. ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చెబితే ఆమె అప్పటికప్పుడు బూట్లు కట్టుకునేది. జట్టులో ఎవరో నన్ను పిలిచారు. వెళ్లిపోయాను.

ఆమె గీత వెనకాల కూర్చుని, అవతలి జట్టులో ఎవరు పొట్టో, ఎవరు ఆలస్యంగా ఎగురుతున్నారో నాకు చెబుతూ ఉంది. ఆమె చెప్పినవైపే లేపాను. గెలిచాం. అందరికంటే ముందు వచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాతి మ్యాచ్‌లో ఓడిపోయాం. యూనివర్సిటీ జట్టుకు నన్ను తీసుకోలేదు. సెలెక్టర్లలో ఒకాయన, మీ దగ్గర ఇంకో సెట్టర్ ఉందని విన్నామే అని సార్‌ను అడగడం నేను విన్నాను.

ఇంకో ఏడాది ఉంది కదా, అప్పుడు ఆడుతుందిలే అనుకున్నాను. ఆ ఏడాదిలో సార్ కాలేజీ వదిలి వెళ్లిపోయారు. వాలీబాల్ కోర్టు ఉన్న చోట కంప్యూటర్ల కోసం భవనం లేపారు. ఆడపిల్లల జట్టే లేకుండా పోయింది. నేను అలాంటి భవనాల్లోనే ఒకదాంట్లో ఉద్యోగానికి చేరి, బంతి ముట్టుకోవడం మానేశాను. నాకు అక్కరకు రాని చోటు కోసం ఆమెది లాగేసుకున్నాను.

సార్ ఇప్పుడు లేరు.

ఈ మధ్య నల్లగండ్లలో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి "అక్కా" అని వినిపించింది. స్వరూప. కొంచెం ఒళ్లు చేసింది, గొంతు అదే. అత్తగారి ఊరు తెల్లాపూరట. పక్కనున్న కూతురికి నన్ను చూపించింది. "నేను చెప్తుంట గదా, గీమెనే మా కెప్టెనక్క. రూల్ ఒప్పుకోకపోతే నా కోసం సారూ ఈమే ఎంత కొట్లాడిండ్రో." ఆ పిల్ల నాకు దండం పెట్టింది. నేను నవ్వాను. అవును, నవ్వాను. అది రెండో తప్పు. ఆ వయసులో కాదు, ఈ వయసులో చేసింది.

ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చెబితే ఏమవుతుంది? తన కోసం ఇద్దరు పోరాడారన్న తలపు ఆమె దగ్గర ఇన్నేళ్లూ భద్రంగా ఉంది. అది లాక్కోవడానికి నాకు మనసొప్పడం లేదంటాను. అది ఆమె మీద ప్రేమా, నా మీద నాకున్న భయమా? రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను. కూతురితో నా గురించి అంత గొప్పగా చెప్పుకున్న మనిషికి ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పాత కాలేజీ వాళ్లు ఒప్పుకున్నారు. సార్ ఒప్పించారు. స్వరూప ఆడవలసింది. నేను వెళ్లి కుదరలేదని చెప్పాను. ఈ నాలుగు మాటలూ వరసగా ఎక్కడా అనలేదు, నాలో నేను కూడా. మీరు నన్ను ఏమీ అనకండి, ఓదార్చకండి కూడా. విన్నారు. నాకు కాస్త ఊపిరి ఆడుతోంది.