షమీమ్ నోట్‌బుక్

నందిగామలో బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్న రోజులవి. జగ్గయ్యపేట నుంచి నేనూ, మా పక్కింటి షమీమూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఒకరోజు ఇంగ్లిష్ సారు మతానికి సంబంధించిన పదాలు అడిగారు. ఆఫరింగ్, రిచువల్, డివోటీ... ఏదడిగినా షమీమ్ ఉదాహరణతో సహా టకటకా చెప్పేసింది. రోజూ పూజ జరిగే ఇంట్లో పుట్టిన నేను నోరెళ్లబెట్టా. “స్వాతీ, ఈ అమ్మాయిని చూసి నేర్చుకోమ్మా” అన్నారు సారు, అందరి ముందూ. ఒళ్లు మండిపోయింది.

మర్నాడే టెస్టు. తిరుగు బస్సులో షమీమ్ కునుకు తీస్తుంటే, దాని బ్యాగులోంచి పదాల నోట్‌బుక్ తీసి నా బ్యాగులో దాచేశా. ఇంటికొచ్చి తలుపేసుకుని తెరిచా.

‘ఆఫరింగ్: నైవేద్యం. దేవుడికి పెట్టాకే మనం తినాలి. స్వాతి వాళ్ల నానమ్మగారు చెప్పారు.’

‘ఫాస్టింగ్: ఉపవాసం. స్వాతికి ఉద్యోగం రావాలని నానమ్మగారు ప్రతి శనివారం ఉంటున్నారు. స్వాతికి చెప్పొద్దన్నారు.’

పేజీ పేజీకీ మా నానమ్మే. శనివారాలు అన్నం వద్దంటుంటే అరగట్లేదేమో అనుకున్నా నేను!

వెంటనే వెళ్లి నోట్‌బుక్ షమీమ్ చేతిలో పెట్టా. “నేనే తీశానే” అన్నా.

“తెలుసులే, నేను నిద్రపోలేదు. అడిగితే ఇచ్చేదాన్నిగా” అంది.



దాని మీద అసూయ ఇప్పటికీ పోలేదండీ. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఒక్కసారీ అడగని సంగతులన్నీ, అది మా వరండాలో కూర్చుని మా నానమ్మని అడిగి రాసుకుంది.

— స్వాతి, జగ్గయ్యపేట