ఓటోకార్ ఎందుకు ఆగుతాడు

ఓటోకార్‌కు ఉన్న అలవాటు ఒక్కటే: ఆగిపోవడం. దౌడు తీస్తూ తీస్తూ, ఎవరూ అడగకుండా, ఒడ్డు చేరిన పడవలా కుదుపు లేకుండా నిలబడిపోతాడు. అతడు గుర్రం. అందులోనూ జావర్‌లాండ్ కొండల్లో దుంగలు లాగిన గుర్రం. వీపు భోజనాల బల్లంత వెడల్పు, మెడ చర్చి స్తంభమంత లావు. అంతటి శరీరం ఆగిందంటే దాని వెనుక ఏదో గొప్ప ఆలోచన ఉండి తీరుతుందని నేను నమ్మాను. బతుకంతా బడిలో తత్త్వశాస్త్రం చెప్పినవాడికి ఆలోచన లేని చోట కూడా ఆలోచనే కనిపిస్తుంది.

మా ఊరి క్లబ్బులో పిల్లలు పరిగెత్తే గుర్రం వీపు మీద విన్యాసాలు నేర్చుకుంటారు. మోకాళ్ళ మీద లేస్తారు, నిలబడతారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. గుర్రం చేయవలసిందల్లా పొడవాటి పగ్గం చివర ఒకే వేగంతో గుండ్రంగా తిరగడం. పాత గుర్రం కీళ్ళ నొప్పులతో విశ్రాంతి తీసుకున్నాక, క్లబ్బు అధ్యక్షుడు నోల్టె గారు తన అడవిలో పనిచేసే ఓటోకార్‌ను తెచ్చి మాకు అప్పగించారు. సొంత గుర్రాన్ని ఇచ్చేసే మనిషి ముఖంలో ఉండవలసిన విచారం ఆయన ముఖంలో ఎందుకు లేదో మాకు మర్నాడే తెలిసింది.

వలయం నడుమ నిలబడి పగ్గం పట్టుకునే పని నాది. శిక్షకురాలు గేసినా నాకు ఆ పని ఇవ్వడానికి కారణం, పిల్లలకు అడ్డు రాకుండా నేను నిలబడగల చోటు అదొక్కటే కావడం. ఓటోకార్ ఆగినప్పుడల్లా నేను మాత్రం ఆగలేక ఇంకో సగం చుట్టు తిరిగి, పగ్గాన్ని నడుముకు చుట్టుకుని, గుర్రానికి వీపు చూపిస్తూ తేలేవాణ్ణి. ఆ భంగిమలోనే ఉపన్యసించేవాణ్ణి. ఒకసారి అది స్వేచ్ఛాసంకల్పం అన్నాను. ఇంకోసారి, వృత్తంలో నడిచేవాడు ఎక్కడికీ చేరడని గ్రహించిన జీవి వైరాగ్యం అన్నాను. కాలం నిజంగా ఉందా అని అతడు పరీక్షిస్తున్నాడని కూడా ఒక వానరోజు సిద్ధాంతీకరించాను.

"మీ క్లాసులో నిద్రపోయినవాళ్ళ ఉసురు తగిలింది మాస్టారూ," అంది యెట్టె. పదేళ్ళ పిల్ల. గుర్రం మీద నిలబడటం ఇంకా రాదు గాని, నన్ను కూర్చోబెట్టడం బాగా వచ్చు.

గేసినా క్యారెట్లు పెట్టింది, సంగీతం మార్చింది, చెవిలో బతిమాలింది. అయినా ఆగడం ఆగలేదు. ఆ వేసవి అంతా ఒక్క పిల్లకైనా మోకాలు దోక్కుపోలేదన్నది మాత్రం వింత. ఆ ఘనత నేను పగ్గం పట్టే తీరుదని వినయంగా ఒప్పుకున్నాను.

చివరికి నోల్టె గారు తేల్చి చెప్పేశారు. శరదృతువులో జరిగే పోటీలో గుర్రానికి విడిగా మార్కులుంటాయి. అక్కడ మధ్యలో ఆగితే ఓటోకార్ తిరిగి అడవికి, దుంగల దగ్గరికి.

"మరి పిల్లలు?" అంది గేసినా.

"ఇంకో గుర్రం ఎక్కణ్ణుంచి తేను? మూసేద్దాం."

ఎండలు తగ్గాక మా క్లబ్బు ఉత్సవం. ఆ రోజు పెద్దవాళ్ళు గుర్రం ఎక్కాలి, పిల్లలు మార్కులు వేయాలి, అది ఆచారం. నాకు తేనెటీగ వేషం వేశారు. పగ్గం గేసినా పట్టింది. ఓటోకార్ మెల్లగా నడుస్తున్నాడు. నేను మోకాళ్ళ మీద లేచి, చేతులు చాచి, ప్రేక్షకులకు తల వంచి నమస్కరించాను. అతడు ఆగిపోయాడు.

అవకాశాన్ని నేను జారవిడుచుకోలేదు. రేగుపండ్ల కేకు తింటున్న ఊరివారిని ఉద్దేశించి జంతువుల ఇచ్ఛాశక్తి మీద ప్రసంగం మొదలుపెట్టాను.

"మాస్టారూ," అంది గేసినా, "అది తర్వాత చెబుదురు గాని, మీ ఎడమ మోకాలు ఎక్కడుందో చూసుకోండి."

మోకాలు గుర్రం మీద లేదు, గాలిలో ఉంది. నా బరువంతా ఒక పక్కకు జారిపోయి ఉంది. నేను తలకిందులు కావడానికి ఓటోకార్ ఇంకొక్క అడుగు వేస్తే చాలు. ఆ అడుగే అతడు వేయలేదు.

నిటారుగా కూర్చోమంది గేసినా. కూర్చున్నాను, నడిచాడు. వాలమంది. వాలాను, ఆగాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి చూశారు. పడబోతున్నామని వాళ్ళకు తెలియకముందే అతడికి తెలిసిపోతోంది.

"అడవిలోనూ ఇదే వరస," అన్నారు నోల్టె గారు బీరు గ్లాసు దించుతూ. "దుంగ దేనికైనా తట్టుకోబోతే చాలు, కదలడు. బద్ధకం అనుకున్నా. అందుకేగా మీకిచ్చింది." అంతలో దుంగ ఎగిరిపడితే ముందుగా విరిగేవి పక్కన నడిచేవాడి కాళ్ళేనన్న సంగతి ఆయనకు తట్టినట్టుంది, తన కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నారు. షరతు మాత్రం మార్చలేదు. మొండితనంలో మా ఊరు గుర్రాలకు ఏమీ తీసిపోదు.

గేసినా ఆనాటి నుంచి గుర్రాన్ని వదిలి పిల్లలను పట్టుకుంది. ఎవరూ తూలకపోతే అతడు ఆగవలసిన పని లేదు. పోటీ రోజున ఓటోకార్ గుంపునంతటినీ మోస్తూ గడియారంలా తిరిగాడు. ఆఖరున యెట్టె లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి చేతులు రెండూ వదిలింది. మడమ జారింది. దౌడు నడకైంది, నడక నిలకడైంది. యెట్టె మెత్తగా కూలబడి అతడి మెడ కావలించుకుంది. సంగీతం మమ్మల్ని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళిపోయింది. న్యాయనిర్ణేత, నవ్వంటే ఏమిటో ఎరగనట్టున్న ఒక పెద్దావిడ, ఆ రోజు ఏ గుర్రానికీ వేయనంత తక్కువ మార్కు వేసింది. మాది చివరి స్థానం.

ఓటోకార్‌ను బండి ఎక్కిస్తున్నాం. నోల్టె గారు గొళ్ళెం పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డారు. యెట్టె ఏడవకూడదని దవడ బిగించుకుంది. అప్పుడు వచ్చింది ఆ పెద్దావిడ. మమ్మల్ని పలకరించకుండా నేరుగా గుర్రం దగ్గరికి వెళ్ళి నుదురు నిమిరింది.

"నా మనవరాలు పోయినేడు పడింది. అప్పట్నుంచీ గుర్రం ఛాయలకే రానంటోంది. మీ గుంపులో చోటేమైనా ఉందా?"

కరుణ అనే భావన గురించి చెబుదామని నేను నోరు తెరిచాను. గేసినా నా కాలు తొక్కింది.

నోల్టె గారు గొంతు సవరించుకున్నారు. "మా దగ్గర చోటు దొరకడం చాలా కష్టమండీ," అన్నారు, మూసేయడమనే మాట ఏనాడూ విననే లేదన్నట్టు. "అయినా గురువారం తీసుకురండి, చూద్దాం. మా గుర్రం కాస్త నిదానం, ఏమీ అనుకోకండి."